స్టూడెంట్ అంబాసిడర్‌గా మొదటి రోజు: వెళ్లే ముందు తెలుసుకోవాల్సినవి

ప్రశ్న అడిగిన అమ్మాయిది నర్సీపట్నం వైపు. విశాఖలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతూ హాస్టల్లో ఉంటోంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. కాలేజీకి కొత్తగా వచ్చే విద్యార్థులకి, తల్లిదండ్రులకి సాయపడే స్టూడెంట్ అంబాసిడర్ల బృందానికి ఎంపికైంది, సోమవారం మొదటి మీటింగు. "మిగతావాళ్లంతా ఇంగ్లీషులో గడగడా మాట్లాడేస్తారు. నేను నోరు విప్పగలనా? మొదటి రోజు ఏం అడుగుతారు, ఏం తెలుసుకుని వెళ్లాలి? చదువు దెబ్బతింటుందా?" అని అడిగింది. విశాఖలోనే ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, ఇలాంటి బృందాన్ని చాలా ఏళ్లు చూసుకున్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

అమ్మా, ముందు నీ ఇంగ్లీషు భయం సంగతి చూద్దాం. ఎందుకంటే నీ ప్రశ్నలో మిగతావన్నీ దాని వెనకే ఉన్నాయి.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ అయి, సీటు వచ్చిన పిల్లలు రిపోర్ట్ చేసే రోజుల్లో పొద్దున్నే మీ కాలేజీ గేటు దగ్గర నిలబడి చూడు. పలాస నుంచి, పాలకొండ నుంచి, పార్వతీపురం నుంచి, పాడేరు ఘాట్ దిగి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. తెల్లవారకముందే ఇంట్లో బయల్దేరి ఉంటారు. తండ్రి చేతిలో సర్టిఫికెట్ల ప్లాస్టిక్ కవరు, తల్లి చేతిలో టిఫిన్ సంచి, వెనక ఎటు చూడాలో తెలియని పిల్లో పిల్లాడో. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ బిడ్డే అయి ఉండొచ్చు. వాళ్లు అడిగేది నీ యాసలోనే అడుగుతారు: "అమ్మా, మా గుంటకి (అమ్మాయికి) హాస్టల్లో సీటు దొరుకుతాదేటి?"

మా బృందంలో జరిగింది చెబుతాను. ఇదే ప్రశ్న ఒక పెద్దాయన అడిగితే చలాకీ కుర్రాడొకడు "అకామడేషన్ ఈజ్ సబ్జెక్ట్ టు అవైలబిలిటీ అంకుల్" అన్నాడు. తప్పేం చెప్పలేదు. కానీ ఆయన తలూపి పక్కకి వెళ్లిపోయి, మళ్లీ ఎవరినీ ఏమీ అడగలేదు. సాలూరు వైపు అమ్మాయి ఒకతి అది గమనించి ఆయన దగ్గరికి వెళ్లింది. "బాబాయ్, సీటు ఇచ్చేది వార్డెన్ గారు. ముందు మనం వెళ్లి పేరు రాయించేద్దాం. దొరక్కపోతే ఏం చెయ్యాలో కూడా ఆవిడనే అడుగుదాం, రండి" అంది. దారిలో ఆయన ఇంకో నాలుగు అడిగాడు. మెస్సులో నీసు పెడతారా, పిల్లకి జ్వరమొస్తే ఎవరు చూస్తారు, ఆదివారం వచ్చి చూసుకోవచ్చా, బస్సు పాసుకి ఏం చెయ్యాలి. అవి ఆయన గుండెలో ఉన్న ప్రశ్నలు. తనలాగే మాట్లాడే మనిషి కనిపించేదాకా బయటికి రాలేదు.

కాబట్టి నీ తెలుగు ఆ బృందానికి కావాల్సిన సరుకే. ఇంగ్లీషు అక్కర్లేదని అనడం లేదు. కంపెనీల వాళ్లు వస్తారు, బయటి రాష్ట్రాల ప్రొఫెసర్లు వస్తారు, రాయగడ, కోరాపుట్ వైపు నుంచి ఒడియా కుటుంబాలు కూడా వస్తాయి. వాళ్లతో మాట్లాడగలిగినవాళ్లు మాట్లాడతారు. నీ పక్కన హిందీ, ఇంగ్లీషు బాగా వచ్చిన ఒకరిని జోడీగా వెయ్యమని మీ కోఆర్డినేటర్‌ని మొదటి రోజే అడుగు. అలా జోడీలు వేసిన చోట పని సాఫీగా నడుస్తుంది, ఆరు నెలల్లో నీ ఇంగ్లీషు కూడా దానంతట అదే తేరుతుంది.

మొదటి రోజు ఏం జరుగుతుందంటే, పెద్దగా ఏమీ జరగదు. సెమినార్ హాల్లో కూర్చోబెడతారు, హాజరు వేసుకుంటారు, టీషర్టు సైజు అడుగుతారు, వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. సీనియర్లు పని విభజన చెబుతారు: క్యాంపస్ చూపించేవాళ్లు, హెల్ప్ డెస్క్‌లో కూర్చునేవాళ్లు, ఫస్టియర్ పిల్లల ఇండక్షన్‌లో ఉండేవాళ్లు, ఫొటోలు, సోషల్ మీడియా చూసుకునేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరినీ లేచి పరిచయం చేసుకోమంటారు. నీ గుండె దడ అక్కడేనని నాకు తెలుసు. దానికి మూడు ముక్కలు సిద్ధం చేసుకో. పేరు, ఊరు, బ్రాంచి ఒకటి. ఈ క్యాంపస్‌లో నీకు బాగా తెలిసినది ఒకటి. ఎలాంటి పని ఇస్తే ఇష్టంగా చేస్తావో మూడోది. "నేను హాస్టల్లో ఉంటున్నాను, కొత్తగా చేరే అమ్మాయిలకి మొదటి వారం ఏమేం ఇబ్బందులొస్తాయో నాకు తెలుసు, ఇండక్షన్‌లో పని చేస్తాను" అంటే చాలు. తెలుగులోనే చెప్పు. ఇంగ్లీషులో చెప్పమంటే అవే మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాసుకుని ఉంచుకో. "నేను చాలా హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్" లాంటివి అందరూ చెబుతారు, ఎవరికీ గుర్తుండవు.

బట్టల గురించి రెండు మాటలే. విశాఖ ఉక్కపోత నీకు కొత్త కాదు, కాటన్ చుడీదార్ వేసుకో. కాళ్లకి మాత్రం బాగా నడవగలిగే చెప్పులో బూట్లో వేసుకో. రుషికొండ, ఎండాడ, మధురవాడ వైపు కాలేజీలు చాలావరకు కొండవాలు మీద కట్టినవి. ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి ఎక్కడమో దిగడమో తప్పదు. కొత్త చెప్పులు ఆ రోజు వద్దు.

ఇక నువ్వు నిజంగా చేసుకోవాల్సిన తయారీ. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక క్యాంపస్ అంతా ఒక్కదానివే నడువు. రోజూ తిరిగే చోటే అయినా సరే, ఈసారి మొదటిసారి వచ్చిన మనిషివై నడువు. గేటు దగ్గర నుంచి మొదలుపెట్టు. అడ్మిషన్ ఆఫీసుకి బోర్డు కనిపిస్తోందా, లేక సెక్యూరిటీ అన్నని అడగాలా? బయటి నుంచి వచ్చిన ఆడవాళ్లు వాడుకునే బాత్రూమ్ ఎక్కడుంది, దానికి నీళ్లు వస్తున్నాయా? తాగే నీళ్లు ఎక్కడ? ముసలివాళ్లు కూర్చోవడానికి నీడ ఏది? మోకాళ్ల నొప్పులున్న తల్లి మూడో అంతస్తుకి ఎలా వెళ్తుంది, లిఫ్ట్ పనిచేస్తోందా, చక్రాల కుర్చీకి ర్యాంపు ఉందా? జిరాక్స్ షాపు ఎన్నింటికి తెరుస్తారు, పాస్‌పోర్ట్ ఫొటో అక్కడ తీస్తారా, లేక జంక్షన్ దాకా వెళ్లాలా? క్యాంటీన్‌లో టిఫిన్ ఎప్పటిదాకా దొరుకుతుంది? ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. కంప్యూటర్ ల్యాబ్‌లో ఎన్ని సిస్టమ్స్ ఉన్నాయో బ్రోచర్‌లో ఉంటుంది. బాత్రూమ్ సంగతి ఏ బ్రోచర్‌లోనూ ఉండదు, పొద్దున్న నాలుగింటికి ఇంటి నుంచి బయల్దేరిన తల్లికి ముందుగా కావాల్సింది అదే.

దారి చెప్పడం కూడా నేర్చుకో. మన ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. ఉదాహరణకి మీ కాలేజీ మధురవాడ వైపు ఉందనుకో. శ్రీకాకుళం, విజయనగరం నుంచి హైవే మీద వచ్చే బస్సు ఆనందపురం, మధురవాడ దాటుకునే మద్దిలపాలెం వస్తుంది. ఆ సంగతి తెలియక ఎంతోమంది ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వచ్చేసి, మళ్లీ అదే దారిలో వెనక్కి ఆటో కట్టించుకుని వెళ్తుంటారు. "కార్‌షెడ్ జంక్షన్‌లో దిగిపోండి" అని ముందురోజు ఫోన్లో ఒక్క మాట చెబితే ఆ కుటుంబానికి గంట సమయం, ఆటో డబ్బులూ మిగులుతాయి. అదే మీ నర్సీపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లయితే అనకాపల్లి మీదుగా ఊరికి అటు చివర నుంచి లోపలికి వస్తారు, వాళ్లకి చెప్పాల్సిన దారి వేరు. ఏ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి ఏ బస్సు, షేర్ ఆటో అయితే ఎంత అడుగుతారు అన్నది మొదటి మీటింగులోనే ఒక కాగితం మీద రాసి అందరికీ ఇవ్వమని సూచించు. నీకు మంచి పేరు వస్తుందని చెప్పడం లేదు, నిజంగా అవసరం కాబట్టి చెబుతున్నాను.

కాలేజీ గురించి తెలుసుకోవాల్సిన నాలుగు నిజాలున్నాయి, ఇవి తప్పు చెప్పకూడదు. మొదటిది, మీ కాలేజీ ఏ విశ్వవిద్యాలయం కింద ఉంది? మన జిల్లాల్లో ఇది చాలా గందరగోళం. కొన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అనుబంధం, కొన్ని జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉండి, విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ వచ్చాక దాని పరిధిలోకి మారాయి, కొన్ని సొంతంగా డిగ్రీలిచ్చే డీమ్డ్ విశ్వవిద్యాలయాలు. అటానమస్ అంటే ఏమిటో కూడా అడుగుతారు: ప్రశ్నపత్రాలు, పరీక్షలు కాలేజీవే, డిగ్రీ పట్టా మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది. రెండోది, నాణ్యతని చూసి గుర్తింపు ఇచ్చే సంస్థలు రెండున్నాయి: న్యాక్ గుర్తింపు మొత్తం కాలేజీకి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు. సివిల్‌కి ఉండి, కొత్తగా పెట్టిన ఏఐ బ్రాంచికి లేకపోవచ్చు. "మా కాలేజీకి ఎన్‌బీఏ ఉంది" అని గుండుగుత్తగా చెప్పడం సరికాదు. మూడోది, ఫీజు. కన్వీనర్ కోటాలో ఎంత, మేనేజ్‌మెంట్ కోటాలో ఎంత, రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా అన్నవి నువ్వు నోటితో చెప్పకు. నోటీసు బోర్డు దగ్గరికి తీసుకెళ్లి చూపించు, ఆఫీసులో ఎవరిని కలవాలో చెప్పు.

నాలుగోది ప్లేస్‌మెంట్లు. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ ఏడాది ఒక్క విద్యార్థికి వచ్చిన అతిపెద్ద జీతం. తండ్రి దాన్ని చూసి "ఇక్కడ చేరితే మావాడికి అంత వస్తుంది" అనుకుంటాడు. నిన్ను అడుగుతాడు కూడా. కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ తను పంపిన వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టాలి. అందులో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం ఎంత అన్నది ఏడాది వారీగా ఉంటుంది. మీడియన్ అంటే అందరి జీతాలూ వరసగా పేర్చితే సరిగ్గా మధ్యలో ఉన్నది. ఆ పేజీ మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఎక్కడుందో ఆదివారం రాత్రి వెతికి ఫోన్లో దాచుకో. ఎవరైనా అడిగితే అదే చూపించు. "ఫ్లెక్సీలో ఉన్నది ఒకరికి వచ్చింది అంకుల్, మామూలుగా వచ్చేది ఇది" అని చెప్పగలిగే అంబాసిడర్ ఉన్న కాలేజీని తల్లిదండ్రులు నమ్ముతారు. అలా చెప్పొద్దని మీ బృందంలో ఎవరైనా అంటే, కాలేజీ తనే పెట్టిన వివరాలను చూపించడంలో తప్పేముందని నెమ్మదిగా అడుగు.

నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదేనమ్మా. నీ మాట విని ఒక కుటుంబం నాలుగేళ్ల చదువుకి, చాలాసార్లు అప్పు చేసి, నిర్ణయం తీసుకుంటుంది. నువ్వు కాలేజీని పొగడక్కర్లేదు, తిట్టనూ అక్కర్లేదు. నీకు తెలిసినది చెప్పు. తెలియనిదానికి "నాకు తెలియదండీ, కనుక్కుని చెబుతాను" అను. అన్నాక నిజంగా కనుక్కుని చెప్పు, ఆ రెండో సగం లేకపోతే మొదటి సగానికి విలువ లేదు. నీ చేతిలో లేనిది మాత్రం ఎప్పుడూ మాటివ్వకు. "హాస్టల్ తప్పకుండా వస్తుంది", "బ్రాంచి మార్చుకోవచ్చు", "అటెండెన్స్ చూసీచూడనట్టు వదిలేస్తారు" లాంటి మాటలు స్నేహంగానే వస్తాయి నోట్లోంచి. కానీ సెప్టెంబరులో అవి జరగనప్పుడు ఆ పిల్లాడు కాలేజీని కాదు, నిన్ను నిలదీస్తాడు.

క్యాంపస్ చూపించే పని ఇస్తే ఒక చిట్కా. ప్రతి బ్లాకు దగ్గరా ఆగి అంకెలు చెప్పకు. నాలుగైదు చోట్ల ఆగు, ఒక్కో చోట ఒక్క విషయం చెప్పు, వాళ్లకి ప్రశ్న అడిగే వ్యవధి ఇవ్వు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తిరిగే విద్యార్థి "ఇది 1926లో స్థాపించిన విశ్వవిద్యాలయం" అని ఊరుకుంటే వినేవాళ్లకి అంటదు. "ఇది మొదట బెజవాడలో మొదలై తర్వాత మన వాల్తేరు కొండకి వచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలర్. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారే 1962లో రాష్ట్రపతి అయ్యారు" అంటే ఇంటర్ పాసై వచ్చిన పిల్లకి కళ్లు మెరుస్తాయి. మీ కాలేజీకి అంత చరిత్ర ఉండక్కర్లేదు. లైబ్రరీలో పరీక్షల ముందు రాత్రి ఎన్నింటిదాకా ఉండనిస్తారు, ఏ ల్యాబ్‌లో మీ సీనియర్లు ఏ ప్రాజెక్టు చేశారు, నువ్వు మొదటి సెమిస్టర్‌లో గణితం ఎవరి సాయంతో గట్టెక్కావు, అవే చెప్పు. నడుస్తున్నప్పుడు వెనకబడినవాళ్లని చూసుకుంటూ ఉండు. గుంపులో వెనక నడిచే తల్లే అందరికంటే ఎక్కువ సందేహాలతో ఉంటుంది.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సినవి. ఎవరి దగ్గరా డబ్బు నీ చేత్తో తీసుకోకు, నీ ఫోన్‌పేకి వేయించుకోకు, "కౌంటర్ దగ్గర లైను పెద్దగా ఉందమ్మా, నువ్వు కట్టేసెయ్" అన్నా సరే. ఒరిజినల్ సర్టిఫికెట్ల కవరు నువ్వు పట్టుకోకు. వాళ్ల చేతిలోనే ఉండనిచ్చి పక్కన నడువు. ఒరిజినల్స్ సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకి స్పష్టంగా చెప్పింది. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పు. నీ సొంత నంబరు అందరికీ ఇవ్వకు, హెల్ప్ డెస్క్ నంబరే ఇవ్వు. కొత్త విద్యార్థుల నంబర్లు నీ దగ్గరికి వస్తే అవి బృందం పనికే, స్నేహితులకి పంపకూడదు. రాత్రిళ్లు ఎవరైనా అనవసరంగా ఫోన్ చేస్తే మొహమాటపడకుండా కోఆర్డినేటర్‌కి చెప్పు.

ర్యాగింగ్ గురించి తప్పకుండా అడుగుతారు. "మా దగ్గర అలాంటివి లేవండీ" అని నవ్వేసి ఊరుకోకు. మన రాష్ట్రంలో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, యూజీసీ 2009లో దేశమంతటికీ నియమాలు చేసింది. కాలేజీలో కమిటీ ఎవరెవరితో ఉందో, వాళ్ల నంబర్లు ఏ బోర్డు మీద ఉన్నాయో చూపించు. 1800-180-5522 అనే టోల్ ఫ్రీ నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చని చెప్పు. ఫస్టియర్ పిల్ల ఎవరైనా నీ దగ్గరికి వచ్చి ఏడిస్తే, రాజీ చేయించాలని చూడకు, ఆ సీనియర్ నీ క్లాస్‌మేట్ అయినా సరే. ఆ పిల్లని కూర్చోబెట్టి నీళ్లిచ్చి, అదే గంటలో కమిటీలో ఉన్న మేడమ్ దగ్గరికి తీసుకెళ్లు.

ఇంకోటి. మొదటి మీటింగులో "ఒక్కొక్కరూ ఇన్ని అడ్మిషన్లు తేవాలి, తలకి ఇంత ఇస్తాం" అనే మాట వినిపిస్తే, అది అంబాసిడర్ పని కాదు, పీఆర్వో పని. విద్యార్థిగా నీకు వద్దు. మర్యాదగా "నేను హెల్ప్ డెస్క్ వరకే చేస్తాను సార్" అని చెప్పు. అలాగే బయటి కంపెనీలు "క్యాంపస్ అంబాసిడర్" పేరుతో ఫోన్ చేసి ముందు రిజిస్ట్రేషన్ డబ్బు కట్టమంటే కట్టకు. పని చేయించుకునేవాళ్లు డబ్బు ఇవ్వాలి గానీ తీసుకోకూడదు.

చదువు సంగతి. జాగ్రత్తగా ఉంటే దెబ్బతినదు, కానీ జాగ్రత్త నువ్వే పడాలి. 75 శాతం హాజరు నీకు తెలిసిందే. పని ఉన్న రోజుల్లో క్లాసు పోతే హాజరు ఇస్తారా, ఇస్తే ఎవరి సంతకంతో అన్నది మొదటి రోజే అడుగు. ఇది అడగడానికి సిగ్గుపడకు, కోఆర్డినేటర్లు మంచి ప్రశ్నే అనుకుంటారు. పర్మిషన్ లెటర్ పని జరిగే ముందే తీసుకుని, ఫొటో తీసి ఉంచుకో. తర్వాత అడిగితే ఎవరికీ గుర్తుండదు, సబ్జెక్టు చెప్పే సార్ ఒప్పుకోకపోవచ్చు. మిడ్స్ వారంలో, ల్యాబ్ ఎక్స్‌టర్నల్ రోజుల్లో రాలేనని ముందుగానే క్యాలెండర్ చూసి చెప్పేసెయ్. ఒప్పుకున్న రోజు మాత్రం చెప్పిన టైముకి పదినిమిషాల ముందుండు. బృందంలో మంచి పేరు మాట్లాడేవాళ్లకి కాదు, ప్రతిసారీ వచ్చేవాళ్లకి వస్తుంది.

ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, రెజ్యూమెలో "స్టూడెంట్ అంబాసిడర్" అన్న రెండు పదాలకి పెద్దగా విలువ లేదు. ఇంటర్వ్యూలో "ఒక ఇబ్బందిని ఎలా పరిష్కరించావు" అని అడిగినప్పుడు చెప్పడానికి నీ దగ్గర నిజంగా జరిగినది ఒకటి ఉంటుంది చూడు, దానికి విలువ ఉంది. అందుకే ఏ రోజు ఎవరికి ఏం సాయం చేశావో నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసిపెట్టుకో.

చివరగా హాస్టల్ సంగతి. రిపోర్టింగ్ రోజుల్లో సాయంత్రం ఆలస్యమవుతుంది, ఊరికి ఆఖరి బస్సు దొరకని కుటుంబం ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. అందుకని సోమవారం మీటింగ్ అవగానే మీ కోఆర్డినేటర్‌తో వార్డెన్ మేడమ్‌కి ఒక మాట చెప్పించు, అంబాసిడర్ పని ఉన్న రోజుల తేదీలు కాగితం మీద ఇప్పించు. ఇంట్లో అమ్మానాన్నలకి కూడా ఆ తేదీలు చెప్పు. మీటింగ్‌లో ఏం పని ఇచ్చారో రాయి, దాన్ని బట్టి మిగతాది చెబుతాను.